చెంబెడు నీళ్ళు, గుప్పెడు భయము

చలనచిత్రకళ నభ్యసింప చేరిన విద్యార్థులను పిలిచి, ఐదు నిమిషముల చిత్రమొకటి తీసికొని రండని గురువుగారు పంపినచో, వారిలో పెక్కుమంది హత్యతోనే కథ ప్రారంభింతురు. ఇది వారి క్రూరస్వభావమునకు గుర్తు కాదు, లోకజ్ఞానమునకు గుర్తు. ప్రేమకథకు చూడముచ్చటయైన జంట కావలెను. పౌరాణికమునకు కిరీటములు కావలెను. కుటుంబకథకు కుటుంబమంత జనము కావలెను. థ్రిల్లరునకు మాత్రము ఒక గది, ఒక రాత్రి, మూసిన తలుపొకటి, ఆ తలుపు వంక బెదరి చూచు మిత్రుడొకడు చాలును. జేబులోని ఫోనే కెమెరా, చదువుకొను టేబిలు దీపమే లైటు, హాస్టలే స్టూడియో. ఇంత సులభముగా సమకూరిన చిత్రము తీరా తోటివారి యెదుట ప్రదర్శింపబడునప్పుడు, హంతకుడు కత్తి యెత్తిన క్షణముననే వెనుక బెంచీనుండి ఒక కిసుక్కు వినవచ్చును. దాని వెంట మరి నాలుగు. దర్శకుడు తల వంచుకొనును. రక్తమునకై కలిపిన రంగునీళ్ళు ఎఱ్ఱగనే యున్నవి, ముసుగు వికారముగనే యున్నది, సంగీతము చెవులు చిల్లులు పడునట్లే మ్రోగినది. మరి భయ మెక్కడికి పోయినది?

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ విద్యలో సగపాలు. వెదకిన కొలది తెలియవచ్చున దేమనగా, భయము కత్తియందును లేదు, ముసుగునందును లేదు, చీకటియందును లేదు; వానిని చూపు వరుసయందు గలదు. ఎవరికి ఏమి తెలియును, ఎప్పుడు తెలియును, ఎవరికంటె ముందు తెలియును అను మూడు ప్రశ్నలకు దర్శకుడు షాటు షాటునకు చెప్పు సమాధానములే ఉత్కంఠకథ. మూడుగంటల పెద్ద చిత్రములో ఈ వరుస తప్పినను పాటలు గట్టెక్కించును, హాస్యము గట్టెక్కించును, కథానాయకుని పేరు గట్టెక్కించును. ఐదు నిమిషముల చిత్రమునకు అట్టి చుట్టము లెవ్వరును లేరు. కావుననే లఘుచిత్రము విద్యార్థికి మంచి గురువు: తప్పును దాచనీయదు, తప్పెక్కడ జరిగినదో వ్రేలితో చూపును.

ఈ వరుస రహస్యమును అందరికంటె స్పష్టముగా చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో 1962లో ఆయనతో జరిపిన సుదీర్ఘసంభాషణ 1966లో గ్రంథమై వెలువడెను. అందు హిచ్‌కాక్ చెప్పిన బాంబు దృష్టాంతము నేడు ప్రపంచమందలి ప్రతి ఫిలిం విద్యార్థికిని ఓనమాలవంటిది. ఇరువురు ఒక బల్ల యొద్ద కూర్చుండి ఊసుపోక మాటలాడుకొనుచుండగా బల్ల క్రింది బాంబు పేలినచో, ప్రేక్షకునకు కలుగునది పదునైదు సెకనుల ఆశ్చర్యము. అదే బాంబును అచ్చట పెట్టుట ప్రేక్షకునకు ముందే చూపి, అది ఒంటిగంటకు పేలునని తెలిపి, గోడ గడియారములో ఒంటిగంటకు పావుగంట తక్కువయైనట్లు కూడ చూపి, ఆపైన ఆ యిరువురి చేత అవే మాటలు చెప్పించినచో, పదునైదు నిమిషముల ఉత్కంఠ కలుగును. మాటలు మారలేదు, మనుష్యులు మారలేదు, బాంబును మారలేదు. ప్రేక్షకుని తెలివిడి యొక్కటే మారినది. అయితే ఈ పాఠము చెప్పిన గురువే 1936 నాటి 'సాబటాజ్'లో దెబ్బ తినెను. తన చేతి పొట్లములో బాంబున్నదని యెరుగని బాలుడొకడు లండను వీధులలో ఆగి ఆగి నడచి, బస్సెక్కి, చివరకు ఆ ప్రేలుడులోనే మరణించును. ప్రేక్షకులు కోపించిరి, బాలుని చంపుట తన పొరపాటని హిచ్‌కాక్ తరువాత ఒప్పుకొనెను. ఉత్కంఠ ప్రేక్షకుని యొద్ద చేసిన అప్పువంటిది. దానిని తీర్చకుండ, పైగా ఋణదాత చేతిమీద వాత పెట్టినచో, అతడు మరల అప్పీయడు.

ఈ సంగతి మనకు పడమటి దేశములు నేర్పిన కొత్తవిద్య యనుకొనుట పొరపాటు. 'చందమామ'లో బేతాళకథ చదివిన ప్రతి తెలుగుబిడ్డకును, విక్రమార్కుడు చివరకు మౌనము వీడుననియు, శవముతో కూడ బేతాళుడు మరల చెట్టెక్కుననియు మొదటి వాక్యమునాడే తెలియును. తెలిసియు చదువును. ఏమి జరుగనున్నదో తెలియకపోవుటయే ఉత్కంఠ యనువారికి ఆ చెట్టుకొమ్మయే ప్రత్యుత్తరము. రాజు మాటలాడిన శవము పోవును, తెలిసియు మాటలాడకున్న తల పగులును. ఇటు నుయ్యి, అటు గొయ్యి. ఆ యిరుకున పడినవానిని చూచుటయందే రుచి గలదు. అంతకు ముందునకు పోయినచో, అభినవగుప్తుడు నాట్యశాస్త్రవ్యాఖ్యయందు భయానకరసమునకు ఉదాహరణముగా గ్రహించినది దయ్యమును కాదు, రాక్షసుని కాదు. శాకుంతల ప్రథమాంకమున రథము ముందు పరుగెత్తు లేడిని. మెడ త్రిప్పి వెనుకకు చూచుట, బాణము తగులునను భీతిచే వెనుకభాగమును ముందునకు ముడుచుకొనుట, సగము నమలిన గడ్డి నోటినుండి దారిపొడవున రాలుట – కాళిదాసు చూపినవి ఇవియే. బాణము తగులలేదు, నెత్తురు చుక్క చిందలేదు. కెమెరా పుట్టుటకు శతాబ్దుల పూర్వమే వ్రాయబడిన షాటుల జాబితా యది. అందు రాలిన గడ్డిపరక క్లోజప్పు.

ఈ సిద్ధాంతమును ప్రయోగమున పెట్టి చూచుటకు విద్యార్థికి కావలసిన పెట్టుబడి చెంబెడు నీళ్ళు. సెలవులకు అందరును ఊళ్ళకు పోగా, హాస్టలులో ఒక్క కుఱ్ఱవాడు మిగిలినట్లు అనుకొందము. నాలుగు షాటులు తీయవలెను. మొదటిది: అతడు మంచము అంచున కాళ్ళు వ్రేలాడవేసి పుస్తకము చదువుకొనుచుండును. రెండవది: గది తలుపు, గొళ్ళెము లోపలనుండి బిగించియున్నది. మూడవది: గచ్చునేలపై తడి పాదముద్రలు, తలుపు వైపునుండి మంచము క్రిందికి పోయినవి గాని తిరిగి వచ్చినవి లేవు. నాలుగవది: కుఱ్ఱవాని పాదములు, పొడిగా, మంచము క్రింది చీకటికి జానెడు దూరములో, తీరికగా ఊగుచున్నవి.

వీనిని మొదట చదువరి, తరువాత ఊగు పాదములు, తరువాత గొళ్ళెము, కడపట తడిముద్రలు అను వరుసలో కూర్చినచో, చివరి క్షణమున ప్రేక్షకుడు ఉలికిపడును, అది విస్మయము. తడిముద్రలను ముందు చూపి, తరువాత చదువరిని, గొళ్ళెమును, ఊగు పాదములను చూపినచో, 'కాళ్ళు పైకి తీయరా!' అని ప్రేక్షకుడు లోలోపల కేకపెట్టును, అది ఉత్కంఠ. చదువరి తలయెత్తు షాటొకటి చేర్చి, అతడే ముద్రలను చూచినట్లును, తన పొడిపాదములను చూచుకొన్నట్లును, కడపట గొళ్ళెము వంక తిరిగినట్లును కూర్చినచో, ప్రేక్షకుడును అతడును ఒకే అడుగున నడచి ఒకే చిక్కును విప్పబూనుదురు, అది రహస్యము. ఇందు గమనింపదగిన విశేషము గొళ్ళెమునకు సంబంధించినది. మొదటి వరుసలో ఆ గొళ్ళెము అభయము: తలుపు భద్రముగా నున్నది, ఎవరును రాలేరు. రెండవ వరుసలో అదే గొళ్ళెము చెఱసాల: లోపల నున్నదానినుండి కుఱ్ఱవాడు తప్పించుకొని పోలేడు. అదే ఇనుము, అదే వెలుతురు, అదే మూడు సెకనుల నిడివి. స్థానము మారగానే అర్థము తలక్రిందులైనది.

సోవియెట్ దేశమున లేవ్ కులెషోవ్ ఇంచుమించు నూరేండ్ల క్రిందట ఈ సత్యమునే ముఖముపై పరీక్షించెను. ఇవాన్ మోజూహిన్ అను నటుని ఏ భావమును లేని ముఖమును తీసికొని, దాని ప్రక్కన ఒకసారి పులుసు గిన్నెను, ఒకసారి శవపేటికలోని బిడ్డను, ఒకసారి పడకకుర్చీపై పరుండిన యువతిని కూర్చి చూపగా, ఆ నటుడు ఆకలిని, శోకమును, కోరికను ఎంత చక్కగా అభినయించెనో అని చూపరులు మెచ్చుకొనిరట. 'మావాడికి యాక్టింగ్ రాదు' అని వాపోవు విద్యార్థి దర్శకులకు ఇంతకంటె ఊరట వేరొండు లేదు. భయమును అభినయించు మిత్రుడు నవ్వు తెప్పించును. ఏమియు అభినయింపక ఊరక చూచు మిత్రుని ముఖముపై ప్రేక్షకుడు తన భయమునే తెచ్చి పూయును.

తీయుట యెంత ముఖ్యమో, ఇతరులు తీసినదానిని విప్పి చూచుటయు అంత ముఖ్యము. గడియారము మరమ్మతు నేర్చువాడు తొలుత పాత గడియారమును విప్పి, ఏ చక్రము దేనిని త్రిప్పుచున్నదో చూచునట్లు, విద్యార్థి ఒక చిన్న చిత్రమును తీసికొని షాటు షాటుగా విప్పవలెను. ఇందులకు 1913లో అమెరికాలో లోయిస్ వెబర్, ఫిలిప్స్ స్మాలీ కలిసి తీసిన 'సస్పెన్స్' అను మూకీచిత్రముకంటె తగినది అరుదు. నిడివి సుమారు పది నిమిషములు. మాటలు లేవు గనుక, కథ నడిపించు భారమంతయు షాటుల వరుసపైననే పడినది. వెబరే అందు గృహిణి పాత్ర ధరించెను. ఊరికి దూరముగా నున్న యింట, చంటిబిడ్డతో ఒంటరిగా నున్న స్త్రీ. ఈ నిర్జనప్రదేశమున నేనుండలేనని చీటి వ్రాసిపెట్టి, తాళపుచెవిని గుమ్మము ముందరి పట్టా క్రింద దాచి, చెప్పకుండ వెడలిపోయిన పనిమనిషి. ఆ యింటిపై కన్నువేసిన దేశద్రిమ్మరి. పట్టణములో కచ్చేరి పనిలో మునిగియున్న భర్త. కథ ఇంతే.

ఇక విప్పి చూచినచో అందలి పనితనము బయలుపడును. తాళపుచెవి పట్టా క్రింద నున్నదని ప్రేక్షకునకు ముందే తెలియును. కావున దుండగీడు గుమ్మము వద్ద వంగినంతనే, వాని చేతికంటె ముందు ప్రేక్షకుని మనస్సు ఆ పట్టా క్రిందికి పోవును. గృహిణి మేడ కిటికీనుండి క్రిందికి తొంగి చూచును. కెమెరా ఆమె కన్నై నిట్టనిలువుగా క్రిందికి చూచుచుండగా, వాడు మెల్లగా ముఖమెత్తి మన కన్నులలోనికి చూచును. అంతవరకు మనము చూచువారము. ఆ క్షణమున చూడబడినవార మైతిమి. ఆమె భర్తకు ఫోను చేయునప్పుడు తెర మూడు త్రికోణములుగా చీలి, ఒకదానిలో భార్య, ఒకదానిలో భర్త, ఒకదానిలో ఆ దుండగీడు ఒక్కసారిగా కనబడుదురు: ముగ్గురును మూడు తావుల నున్నారు, ముగ్గురిని కలిపి చూచుచున్నది ప్రేక్షకు డొక్కడే. వాడు ఫోను తీగ తెగగోయుటతో ఆ కలయిక తెగిపోవును. భర్త వీధిలో నిలిచియున్న ఇతరుని కారెక్కి పరుగుతీయగా, కారు యజమానుడును పోలీసులును వెంటబడుదురు. దొంగనుండి ఇంటిని కాపాడబోవువాడు తానే దొంగ యయ్యెను! వెంటవచ్చు కారును వేరుగా చూపక, భర్త కారు ప్రక్కనున్న చిన్న అద్దములో అది పెరిగి పెరిగి వచ్చుట చూపినారు. అతడు వెనుకకు తిరుగనక్కరలేదు. ముందు ఆపద, వెనుక ఆపద, ఒకే చట్రములో ఇమిడినవి. 2020లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దీనికి చోటు లభించినది.

ఇట్లు విప్పునపుడు నోటుపుస్తకములో ఐదు నిలువుగడులు గీసికొనుట మేలు: షాటు సంఖ్య, నిడివి, ఎవరి చూపు, ఏ చప్పుడు, కడపట – ఈ క్షణమున ఎవరికి ఏమి తెలియును. మొదటి నాలుగు గడులు గడియారము చూచి నింపవచ్చును. ఐదవ గడి నింపుటకే బుద్ధి కావలెను, మార్కులును ఆ గడికే రావలెను. 'సైకో' (1960) చిత్రమందలి స్నానపుగది హత్యను ఈ విధముగా లెక్కించి లెక్కించి విద్యార్థులు తరతరములుగా కన్నులు కాయలు కాయించుకొనిరి. తెరపై అది ముప్పాతిక నిమిషము మాత్రమే. తీయుటకు వారము దినములు పట్టెను. కెమెరాను నిలిపిన తావులు 78, కత్తిరింపులు 52 అను లెక్కయే పేరుగా '78/52' అను డాక్యుమెంటరీ 2017లో వెలువడినది. నలుపుతెలుపులో నెత్తురుగా పారినది చాక్లెటు పాకము. అచ్చట సంగీతము వలదని హిచ్‌కాక్ మొదట తలచెను. బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యములతో కూర్చినది విని మనసు మార్చుకొనెను. కత్తి చర్మములో దిగుట మనము చూచితిమనియే ప్రమాణము చేయుదుము. చూచినది మాత్రము ముక్కలను, విన్నది కమానుల అరుపును. మిగిలినది మనమే పూరించుకొంటిమి.

విద్యార్థిదశలో ఈ దారిని నడచి, ఆపై పెద్దలైనవారి అడుగుజాడలును మనకు గలవు. పూనాలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణమున 1960లో వెలసిన ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో చదువుచు విధు వినోద్ చోప్రా 1976లో తీసిన 'మర్డర్ ఎట్ మంకీ హిల్' అను చిన్న చిత్రము ఉత్తమ ప్రయోగాత్మక చిత్రముగా జాతీయపురస్కారము నందెను. ఆయన తరువాతి చిత్రములైన 'ఖామోష్', 'పరిందా' ఆ విత్తనమునుండి మొలచినవే యనవచ్చును. ఇంగ్లండులో సాహిత్యవిద్యార్థిగా నున్నప్పుడే తన కళాశాల ఫిలిం సంఘపు కెమెరాలతో చిన్న చిత్రములు తీయ నేర్చిన క్రిస్టఫర్ నోలన్, తొలి పెద్ద చిత్రము 'ఫాలోయింగ్' (1998) ను ఇంచుమించు ఏడాది పొడవున శనివారములందు తీసెను. నటులైన మిత్రులకు తక్కిన దినములలో ఉద్యోగము లుండెను. ఫిలిము కొనుటకు డబ్బు చాలదు గనుక, సన్నివేశములను నాటకమువలె ముందే సాధన చేయించి, ఒకటి రెండు టేకులలో ముగించెను. కిటికీ వెలుతురే లైటుగా, తెలిసినవారి యిండ్లే సెట్టుగా వాడుకొనెను. నేటి విద్యార్థి ఫోనులో నలుబది టేకులు తీసినను పైస ఖర్చు కాదు. అందుచేతనే నలుబదింటిలో ఒకటియు ఆలోచించి తీసినది కాకపోవు ప్రమాదము గలదు. 'మూడు టేకులకు మించరాదు' అని తనకు తానే గీత గీసికొన్నవాడు, తీయుటకు ముందే స్టోరీబోర్డు గీసికొనును.

ఆచరణములో ఎదురగు చిక్కులు సిద్ధాంతముకంటె మొండివి. మన తడిముద్రలనే చూడుడు: వేసవిలో గచ్చునేలపై, ఫాను క్రింద, అవి కెమెరా సరిచేసికొనులోపలనే ఆరిపోవును, రెండవ టేకులో ముద్ర మరియొకచోట పడును, ఎడిటింగులో కూర్చినపుడు దయ్యము నడచినట్లు కాక, దయ్యము గంతులు వేసినట్లుండును. నీళ్ళలో కొంచెము గ్లిజరిన్ కలిపినచో తడి నిలుచును. ముద్రల చుట్టును సుద్దతో చిన్న గుర్తులు పెట్టుకొని, కెమెరా తిరుగుటకు ముందు చెరిపివేసినచో కంటిన్యూటీ నిలుచును. ఫోను కెమెరా చీకటిని చూడగానే జాలిపడి తానే వెలుగు పెంచుకొనును. ఎక్స్‌పోజరును తాళము వేసినట్లు స్థిరపరచనిచో, భయపెట్టవలసిన నీడ బూడిదరంగు మరకయై తేలును. దీపము ఒక్కటే యుండవలెను, అదియు ఒక ప్రక్కనుండి రావలెను; నలువైపుల వెలిగించిన గదిలో దయ్యమునకు నిలుచు చోటే లేదు.

అన్నిటికంటె చౌకయైనది, అన్నిటికంటె ఎక్కువగా నిర్లక్ష్యము చేయబడునది చప్పుడు. ఫ్రిట్జ్ లాంగ్ తన మొదటి టాకీ 'ఎం' (1931) లో హంతకుని ముఖము చూపుటకు ముందే వాని ఈలపాట వినిపించెను. ఆపైన ఆ ఈల వినబడినచాలు, తెరపై ఎవ్వరు లేకున్నను ప్రేక్షకుడు వణకును. మన తెలుగు దర్శకుడు వంశీ 'అన్వేషణ' (1985) లో ఇళయరాజా సంగీతము లేని అడవిని ఊహించి చూచినచో, చెట్లు చెట్లుగనే మిగులును. విద్యార్థి చేయవలసినది మొదట ఫాను ఆపుట. తరువాత అందరిని ఊపిరి బిగబట్టి నిలుచుండుమని, ఆ గది నిశ్శబ్దమునే అర నిమిషము రికార్డు చేసికొనుట. ప్రతి గది నిశ్శబ్దమునకు ఒక స్వరము గలదు. షాటునకు షాటునకు నడుమ అది తెగినచో చెవి పట్టుకొనును. ఆపైన నీటిచుక్క నేలపై పడు చప్పుడొకటి, మంచము పట్టె కిర్రుమను చప్పుడొకటి విడిగా తీసికొన్నచో, సినిమావారు ఆర్.ఆర్. అను నేపథ్యసంగీతముతో చిత్రమంతయు ముంచివేయు అవసరముండదు. ఎడతెగక మ్రోగు డోలు చేత భయపడువారు లేరు. అది ఆగినపుడు భయపడుదురు.

ఇక ముగింపు. విద్యార్థిచిత్రములలో నూతిలో పడునవి ఎక్కువగా ఇచ్చటనే పడును: అంతయు కల యని తేల్చుట యొకటి, హంతకుడు కథానాయకుని రెండవ మనస్సే యని తేల్చుట యొకటి. ముందు చూపినదానినుండి పుట్టని మలుపు మలుపు కాదు, గోతి. ఫ్రాన్సున ఒలివియె త్రైనె 2010లో తీసిన 'లాకోర్దర్' అను పదునాలుగు నిమిషములలోపు చిత్రమును ఇందులకై చూడదగును. పోటీలో ఓడి మనసు విరిగిన పియానో విద్వాంసుడు, గ్రుడ్డివానిగా నటించుచు పియానోలు శ్రుతి చేయ ఇంటింటికి తిరుగును, ఒక యింట చూడరానిది చూచును, చూచినట్లు తెలియనీయరాదు. చిత్రము ముగియునప్పటికి అతడు పియానో వాయించుచుండును, అతని వెనుక ఆ యింటి స్త్రీ నిలిచియుండును. వాయించినంతసేపు బ్రతుకు, తరువాత ఏమో చిత్రము చెప్పదు. కాని ఆ చెప్పకపోవుట మోసముగా తోచదు, ఏలయన చిత్రపు మొదటి దృశ్యమే ఆ పియానో, ఆ వెనుక నిలిచిన మనిషి. మనము తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చితిమి, ఈ సారి అన్నియు తెలిసి. పూనా విద్యార్థియే యైన శ్రీరాం రాఘవన్ ఈ చిన్న చిత్రమునుండి ప్రేరణ పొంది, ఆ మాట తెరపైననే చెప్పుకొని, 'అంధాధున్' (2018) ను రెండుగంటలకు పైబడిన చిత్రముగా పెంచెను. అది 2021లో 'మాస్ట్రో' యై తెలుగునకు వచ్చినది. మూడింటిని వరుసగా చూచి, విత్తనములో ఏమున్నది, చెట్టులో ఏమి చేరినది అని పట్టిక వ్రాసిన విద్యార్థికి కథావిస్తారము గూర్చి వేరొక పాఠ్యగ్రంథ మక్కరలేదు.

ఒక్క హెచ్చరిక చేయక తప్పదు. వీధిలో బొమ్మతుపాకి పట్టుకొని పరుగెత్తు దృశ్యము తీయునప్పుడు అది బొమ్మయని దర్శకునకు తెలియును, నటునకు తెలియును. ఎదురుగా వచ్చు కూరలబండివానికి తెలియదు, గస్తీ తిరుగు కానిస్టేబులునకు తెలియదు. ఎవరికి ఏమి తెలియునను ప్రశ్న తెరవెలుపల కూడ వర్తించును. ముందుగా ఠాణాలో చెప్పి, చుట్టుప్రక్కలవారికి చెప్పి, మొద్దుబారిన అట్టకత్తితోనే పని గడుపుకొనుట దర్శకుని ధర్మము. నిజమైన భయము మనకు వలదు. రుచి చూడదగిన భయము కావలెను.

చిత్రము కూర్చిన పిదప విద్యార్థికి చివరి పాఠము ప్రదర్శనమున గలదు. తన చిత్రము ఆడుచుండగా అతడు తెర వంక చూడరాదు. తెరపై ఏమున్నదో అతనికి కంఠస్థమే. తెర ప్రక్కగా నిలిచి ముఖములను చూడవలెను. అయిన పిమ్మట 'ఎట్లున్నది?' అని అడుగరాదు. 'బాగున్నదిరా' అను మాటతో ఎవ్వడును బాగుపడలేదు. 'గొళ్ళెము కనబడినపుడు ఏమనుకొంటిరి?' అని అడుగవలెను. వారు చెప్పినదానిని తాను ఉద్దేశించినదానితో సరిపోల్చి వ్రాసినదే నిజమైన విశ్లేషణ. ఆ రెంటి నడుమనున్న ఎడమే వచ్చే చిత్రమునకు దారి. ఆ తడిముద్రల చిత్రము చూపిన సాయంత్రము ఎవరును కేక వేయకపోవచ్చును, చప్పట్లును కొట్టకపోవచ్చును. కాని రెండవ వరుసలో కూర్చున్న వాడొకడు, చెప్పులు క్రిందనే విడిచి, తనకు తెలియకుండగనే కాళ్ళు బెంచీ పైకి ముడుచుకొన్నచో, ఆ చెంబెడు నీళ్ళు వృథా పోలేదు.